ఆరాధనలోంచి కళను విడదీస్తే

1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. ఆడపిల్లలను దేవుడికి అంకితమివ్వడాన్ని మాన్పించడం దాని ముఖ్యోద్దేశం. కానీ చట్టం అక్కడితో ఆగలేదు. గుడి ఆవరణలో గానీ, దేవుడి ఊరేగింపులో గానీ, కుంభహారతి ఉన్నా లేకపోయినా, స్త్రీ నాట్యమాడటమే చట్టవిరుద్ధమంది. బోగం, కళావంతులు, సాని, నాగవాసులు అంటూ తెలుగునాట వినబడే కులాల పేర్లు అందులో వరసగా ఉన్నాయి. ఆరేళ్లు తిరక్కుండానే, 1953 జనవరిలో, కేంద్రం ఢిల్లీలో సంగీత నాటక అకాడమీని ప్రారంభించి నృత్యాన్ని పోషించే బాధ్యత తీసుకుంది. మొదటిది రాష్ట్రం చేసిన పని, రెండోది కేంద్రానిది; ఉద్దేశాలూ వేరు. అయినా రెంటికీ అడుగున ఒకే నమ్మకం ఉంది: పూజను తీసేసినా నాట్యం నాట్యంగానే మిగులుతుందని. మన సాంస్కృతిక విధానం చాలావరకు ఈ నమ్మకం మీదే నడుస్తోంది. పైకి అది పరిపాలనా సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఒక తాత్త్విక సిద్ధాంతం. సిద్ధాంతమన్నాక అది నిలుస్తుందా అని అడిగి తీరాలి.

మీమాంసకులు యాగాన్ని మూడు మాటల్లో చెప్పారు: ద్రవ్యం, దేవత, త్యాగం. ఇది ఫలానా దేవతది, ఇక నాది కాదు అని వదులుకుంటేనే యాగం. దేవతను తీసేస్తే మిగిలేది నిప్పులో నెయ్యి పోయడం. చేతి కదలికలో తేడా ఏమీ ఉండదు, జరిగిన పని మాత్రం వేరు. గుడిలోని నాట్యానికీ ఈ తర్కం సరిపోతుంది. రాజోపచారాల్లో ఛత్రం, చామరం, గీతం, నృత్యం ఒకే వరసలో వస్తాయి. అక్కడ నృత్యం స్వామికి సమర్పణ. చుట్టూ ఉన్న జనం చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. అదే అభినయం టికెట్టు కొన్నవాళ్ల ముందు చేస్తే తక్కువదైపోతుందని నేననను. నాట్యశాస్త్రం రంగపూజ విధిస్తూనే నాట్యం అందరి వినోదానికీ అని కూడా చెప్పింది. కానీ అది వేరే పని. కాపాడామని ప్రభుత్వం చెప్పుకునేటప్పుడు దేన్ని కాపాడిందో, దేన్ని కొత్తగా తయారుచేసిందో కూడా చెప్పాలి.

సిద్దిపేట జిల్లా కొమురవెల్లిలో మహాశివరాత్రి రాత్రి మల్లన్నకు ఒగ్గు పూజారులు పెద్దపట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, పిండి వంటి పొడులు చేతిలోంచి జారవిడుస్తూ గీత పక్కన గీత, గడి పక్కన గడి కూర్చి నేలను రంగులతో నింపుతారు. డోళ్లు మోగుతాయి, పూజ జరుగుతుంది, ఆపైన పట్నాన్ని తొక్కుతూ దాటుతారు. అంత పనితనమూ అడుగుల కింద కలిసిపోతుంది. చెదిరిపోవడం అక్కడ నష్టం కాదు, మొక్కులో భాగం. దీన్ని జానపద చిత్రకళ కింద రాసుకుని భద్రపరచబోతే చేతికి వచ్చేదేమిటి? ఫొటో తీయవచ్చు, గుడ్డ మీదికి దించి మ్యూజియంలో వేలాడదీయవచ్చు. ఎవరూ తొక్కకూడని పట్నం ఒకటి గోడ మీద ఉంటుంది. 2003 నాటి యునెస్కో ఒడంబడిక వస్తువులతో ఆగకుండా ఆచరణలనూ వారసత్వంగా గుర్తించింది. అది నిజంగా మంచి మలుపు. అయితే ఆచరణను వేదికెక్కిస్తే చాలు బతికినట్టే అనుకుంటే మళ్లీ మొదటికే వస్తాం.

లౌకిక రాజ్యం పూజకు డబ్బెలా ఇస్తుందని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఒక మతాన్ని పెంచడానికి ఖర్చయ్యే పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 27వ అధికరణం అంటోంది. హజ్ సబ్సిడీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, పన్నుల రాబడిలో గణనీయమైన భాగం ఒక మతానికి పోతేనే ఆ అధికరణానికి భంగమని చెప్పింది. ఆ వెసులుబాటును నేను వాడుకోదలచుకోలేదు, ఎందుకంటే అవసరం లేదు. పట్నం వేసే ముసలాయనకు పింఛను, ఆయన దగ్గర నేర్చుకునే కుర్రాడికి ఉపకారవేతనం ఇస్తే సర్కారు మల్లన్నను కొలిచినట్టు కాదు. పీర్ల పండక్కి అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్లకూ ఇదే కొలత. మనిషి బతికితే ఆ విద్యను ఎవరికి సమర్పించాలో అతనే చూసుకుంటాడు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. సందర్భాన్ని నిలపమంటే అందులోని అన్యాయాన్నీ నిలపమన్నట్టేనా? అంకితాన్ని నిషేధించడం ముమ్మాటికీ న్యాయం. ఆంధ్రప్రదేశ్ 1988లో మళ్లీ చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ దురాచారం ఎంత మొండిదో తెలుస్తూనే ఉంది. 1947 చట్టంలో నాకు కనిపించే తప్పు వేరు. ఆడపిల్లను కట్టిపడేసిన ఆచారాన్నీ, ఆమె కష్టపడి సంపాదించుకున్న విద్యనూ అది ఒకే వేటుకు నరికింది. దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం ముత్తులక్ష్మీరెడ్డి ఉద్యమించిన రోజుల్లోనే బెంగుళూరు నాగరత్నమ్మ వంటి దేవదాసీలు తమ మాట వినమని ప్రభుత్వాన్ని కోరారు. విని ఉంటే, ఏది తెగనరకాలో ఏది వదిలిపెట్టాలో వాళ్లే చెప్పగలిగేవాళ్లు.

కాబట్టి విధానం రాసేవాళ్లు తేల్చవలసింది ఏది కళ, ఏది పూజ అని కాదు, ఆ మాట చెప్పే హక్కు ఎవరిదని. హైదరాబాదు రవీంద్రభారతి వేదిక మీద పట్నం వేయమంటే ఒక ఒగ్గు పూజారి సంతోషంగా ఒప్పుకోవచ్చు, మరొకాయన కుదరదనవచ్చు. కుదరదన్న ఆయన పింఛను ఆగకూడదు, కళాకారుల జాబితాలోంచి ఆయన పేరు పోకూడదు.