ఇచ్చే చెయ్యి లేని కానుక

వీలునామా రాయడంలో గొప్పేముందన్న అనుమానం నాకు చాలాకాలం ఉండేది. బతికున్నన్నాళ్లూ అనుభవించి, ఇక మనకు అక్కరకు రాని రోజు నుంచి ‘ఇది నీది’ అనడం దానమెలా అవుతుంది? కందుకూరి వీరేశలింగం తన ఆస్తిని బతికుండగానే హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. దానమంటే అది. రాసిచ్చాక అది తనది కాదు. వీలునామా అలా కాదు, మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చింపి పారెయ్యొచ్చు.

మా పెద్దత్త పోయాక ఆ అనుమానం కాస్త సడలింది. ఆవిడ వీలునామాలో పొలం, ఇల్లు సంగతి మామూలే. చివర్లో మాత్రం, ఏళ్ల తరబడి ఇంట్లో అంట్లు తోమిన మనిషికి పెద్ద ఇత్తడి గంగాళం చెందాలని రాయించింది. అడిగితే పిల్లలు ఇవ్వరని కాదు. ఇచ్చేవాళ్లే. కాకపోతే ఆమె గుమ్మం దగ్గర నిలబడి ‘మీ దయ బాబూ’ అనాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం పడలేదు. తనకు రాసిన వస్తువు కోసం తనే ఆటో పిలుచుకొచ్చి ఎక్కించుకుపోయింది.

దానంలో నన్ను ఇబ్బంది పెట్టేది ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనుండడమే. వీలునామాలో ఆ చెయ్యి ఉండదు. పుచ్చుకునేవాళ్లు తల వంచడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా మగవాడు పోతే అతని స్వార్జితం భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. చట్టానికి రక్తం తెలుసు, పెళ్లి తెలుసు, దత్తత తెలుసు. స్నేహం తెలియదు. ఆసుపత్రిలో రాత్రుళ్లు తోడు పడుకున్న పక్కింటి కుర్రాడు తెలియడు. వీలునామా నిజంగా కావాల్సింది ఇలాంటివాళ్ల కోసమే. మనవాళ్లు ఎక్కువగా దేనికి వాడతారో చెప్పనక్కర్లేదు: పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా అని కూతుళ్ల వాటా ఎగ్గొట్టడానికి. చుట్టాలు కానివాళ్లకు రాసినవాళ్లూ లేకపోలేదు.

ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1895 నవంబరు 27న పారిస్‌లో, లాయరు సాయం లేకుండా రాసుకున్న వీలునామా మీద సంతకం చేశాడు. మరుసటి ఏడు డిసెంబరు 10న ఇటలీలో పోయాడు. ఆస్తిలో చాలా భాగం ఎవరికి వెళ్లాలన్నాడంటే, ఎవరో ఆయనకే తెలియనివాళ్లకు. వాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. బంధువుల్లో కొందరు ఒప్పుకోలేదు. ఆ వీలునామా అమలు చూడాల్సిన రాగ్నర్ సోల్‌మన్‌కు అప్పుడు ముప్ఫయ్యేళ్లు కూడా లేవు. పారిస్ వీధుల్లో గుర్రబ్బండిలో నోబెల్ బాండ్లు, షేర్లు తరలిస్తూ రివాల్వర్ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడట. తొలి నోబెల్ బహుమతులు 1901లో గాని రాలేదు. పోయినవాడి ఔదార్యానికి చాకిరీ చెయ్యాల్సింది ఉన్నవాళ్లే. ఆ సంగతి ఎవరికీ అంతగా గుర్తుండదు.

పోయేముందు పుట్టే ఔదార్యాన్ని చట్టం కూడా ఒకప్పుడు అనుమానించింది. 1925 భారత వారసత్వ చట్టంలోని 118వ సెక్షన్ కింద, మేనల్లుడో మేనకోడలో అంతకన్నా దగ్గరి చుట్టమో ఉన్న క్రైస్తవుడు ధర్మకార్యాలకు ఆస్తి రాస్తే, ఆ వీలునామా చావుకు కనీసం పన్నెండు నెలల ముందుదై ఉండాలి. 2003లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కొట్టేసింది. ఒక్క మతంవాళ్లకే ఆ ఆంక్ష పెట్టడం అన్యాయం కాబట్టి మంచిపనే చేసింది. భయంతో చేసే దానం మీద నా అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. ఒంట్లో బాగున్నప్పుడే రాయాలి.

రాయడం కష్టమేమీ కాదు. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, సాక్షులిద్దరుంటే చాలు. ఇంట్లో ఆ మాటెత్తితే ‘నోట మంచి మాటే రాదా’ అంటారు, అంతే. నాకున్న వాటిలో చెప్పుకోదగ్గది ఒక హార్మోనియం. రాసిన వస్తువు పోయేనాటికి మన దగ్గర లేకపోతే ఆ కానుక చెల్లదు గనక దాన్ని అమ్మకుండా ఉంచాలి. సాక్షులకు లోపలేముందో చదివి వినిపించక్కర్లేదు, నేను సంతకం చేయడం చూసి వాళ్లూ సంతకం చేస్తే సరిపోతుంది. అంచేత హార్మోనియం ఎవరికన్నది నాలోనే ఉంచుకుంటాను. ఆ పిల్లాడికి ఇప్పుడే తెలిస్తే రేపట్నుంచి నా పాట బాగుందనడం మొదలుపెడతాడు.