బొంగరం కింద పెట్టిన బాలచంద్రుడు

ఓం నమశ్శివాయ.

మొన్న నరసరావుపేటలో ప్రసంగం అయిపోయాక ఒక తమ్ముడు నన్ను పక్కకి పిలిచి అడిగాడు. "అన్నా, నాకు రెండు పిచ్చులున్నాయి. ట్యాబ్ మీద దేవుడి బొమ్మలు వేస్తా. రాత్రయితే నింటెండో స్విచ్ పట్టుకుని రోల్ ప్లేయింగ్ గేమ్స్ ఆడతా. బొమ్మలు ఉంచుకుని గేమ్ మానెయ్యనా?"

చూశారా, బొమ్మల్ని పుణ్యం ఖాతాలో, గేమ్‌ని పాపం ఖాతాలో వేసుకుని మరీ వచ్చాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకంటే ఆ రెండు పిచ్చులూ నాకూ ఉన్నాయి. వాటి మధ్య పడి నేను ఒకసారి మాట తప్పాను. ముందు ఆ సంగతి చెప్తాను.

మా ఊరు కోటప్పకొండకి దగ్గర. మహాశివరాత్రికి మా వైపు ఊళ్ల నుంచి త్రికోటేశ్వర స్వామికి ప్రభలు కట్టుకుని వెళ్తారని మీకు తెలుసు కదా. వెదుళ్లు, గుడ్డ, రంగులు, కరెంటు బల్బులు, ఊరందరి చెమట, అన్నీ కలిస్తే ఒక ప్రభ. రెండేళ్ల కిందట మా బాబాయ్ హైదరాబాద్‌కి ఫోన్ చేసి, "ఈ ఏడు ప్రభ మీద స్వామి బొమ్మ నువ్వే వెయ్యాలిరా" అన్నాడు. ఎగిరి గంతేశాను. స్వామి వెనకాల బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడూ కనపడేట్టు వేద్దామనుకున్నాను.

మొదటి వారం బాగానే సాగింది. ఆ తర్వాత కొత్త గేమ్ ఒకటి కొన్నాను. ఆఫీసు నుంచి రాగానే "ఒక్క గంట ఆడి బొమ్మ పట్టుకుందాం" అనుకునేవాణ్ణి. గేమ్‌లో నా హీరోకి లెవెల్ పెరుగుతోంది, కత్తి మారుతోంది, కవచం మారుతోంది. బొమ్మలో రుద్ర శిఖరం మాత్రం పెన్సిల్ గీతల్లోనే ఉండిపోయింది. బాబాయ్ ఫోన్ చేసి "ఏరా అబ్బాయ్, ఎంతదాకా వచ్చింది?" అంటే, "అయిపోవచ్చింది బాబాయ్, రేపు పంపిస్తా" అన్నాను. స్వామి పని మీద అబద్ధం ఆడాను. ఆ ఫోన్ మాట్లాడేటప్పుడు కూడా రెండో చేతిలో గేమ్ ఉంది.

శివరాత్రి నాడు ఊరెళ్లాను. మా ప్రభ మీద కిందటేడు బొమ్మే ఉంది. వెలిసిపోయింది. బాబాయ్ కోప్పడలేదు. "పనుల్లో ఉండుంటావ్‌లేరా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. నాలుగు తిట్టినా అంత బాధేసేది కాదు. జనమంతా "చేదుకో కోటయ్యా" అంటుంటే నా నోరు పెగల్లేదు.

ఆ రాత్రి నేను కూడా ఈ తమ్ముడిలాగే అనుకున్నాను, గేమ్ అమ్మేద్దామని. కానీ తప్పు గేమ్‌లో ఉందా? భగవద్గీత ఆరో అధ్యాయం 17వ శ్లోకం చూడండి. ధ్యానం గురించి చెప్తున్న చోట కృష్ణుడు తిండి, విహారం, పని, నిద్ర, మెలకువ ఇవన్నీ తగుమాత్రంగా ఉండాలంటాడు. విహారాన్ని తీసెయ్యలేదండీ. తిండితో పాటే చెప్పాడు. కాకపోతే దానికి హద్దు ఉండాలన్నాడు. మరి ఆ హద్దు ఎక్కడ?

దానికి జవాబు మన పల్నాడు కథలోనే దొరికింది నాకు. పల్నాటి వీరుల కథలో రెండు ఆటలున్నాయి. ఒకటి కోడిపందెం. బ్రహ్మనాయుడు, నాగమ్మ చెరో పక్కన నిలబడ్డారు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలని పందెం. మాచర్ల వాళ్లు ఓడి అడవుల పాలయ్యారు. ఆ పగే చివరికి కారంపూడి యుద్ధం దాకా వెళ్లింది. కోళ్ల ఆట మీద రాజ్యాన్నే పెట్టేశారు.

రెండోది బొంగరాలాట. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు బొంగరాలాడుతుంటే, ఆ బొంగరం వెళ్లి ఒకావిడ కాలికి తగిలింది. ఆవిడ చేసిన ఎత్తిపొడుపుతో, తన వాళ్లంతా యుద్ధానికి వెళ్లారని అతనికి తెలిసింది. బొంగరం వదిలేసి తల్లి ఐతాంబ దగ్గరికి వెళ్లాడు, అట్నుంచి కారంపూడికి వెళ్లాడు. ఈ ఆట అయ్యాక వస్తానని అనలేదు.

ఆడినందుకు బాలచంద్రుణ్ణి ఎవరూ తప్పు పట్టరు. మాచర్లకో కారంపూడికో వెళ్లి అడగండి, ఇవాళ్టికీ చెయ్యెత్తి దణ్ణం పెడతారు. పిలుపు వినపడగానే వదలగలిగే ఆట విహారం. వదల్లేక, మన మాటనీ మన మనుషుల్నీ దాని మీద పణంగా పెడితే, అది ఆ కోడిపందెమే. బొమ్మలకీ ఇదే లెక్క. అమ్మ అన్నానికి పిలుస్తుంటే, స్వామి కిరీటానికి పన్నెండోసారి రంగు మారుస్తూ కూర్చుంటే అది మాత్రం పుణ్యమా?

మనకి యుద్ధాలు లేవు. వచ్చే పిలుపులు చిన్నవే. నేను పాటిస్తున్నవి మూడు చెప్తాను.

ఒకటి, ముందు బొమ్మ, తర్వాత ఆట. అలిసిపోయిన బుర్రతో గేమ్ ఆడొచ్చు కానీ బొమ్మ వెయ్యలేం.

రెండు, ఎక్కడ ఆపాలో మొదలుపెట్టే ముందే అనుకోవాలి. "ఈ ఊరు దాటగానే సేవ్ చేసి లేస్తాను" అని స్వామికి చెప్పుకుని ఆన్ చెయ్యండి.

మూడు, ఇంట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఆట అక్కడే ఆగాలి. చేతిలో పట్టే మెషీన్‌కి ఒక సుఖం ఉంది, బటన్ నొక్కితే ఆట అక్కడే నిద్రపోతుంది, మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. పిలిచిన మనిషికి అలాంటి బటన్ లేదు.

ఆ తమ్ముడికీ ఇదే చెప్పాను. "రెండూ ఉంచుకో. ఈ వారం ఎవరు పిలిచినా 'ఐదు నిమిషాలు' అనకుండా లేవగలవేమో చూడు. లేవలేకపోతే కొన్నాళ్లు పక్కన పెట్టు" అన్నాను.

కిందటి శివరాత్రికి మా ప్రభ మీద మూడు శిఖరాలూ ఉన్నాయి. బొమ్మ నెల ముందే పంపించాను. బాబాయ్ చూసి, "రుద్ర శిఖరం ఇంకాస్త పెద్దది వెయ్యాల్సింది" అన్నాడు. ఆ గేమ్ మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

ఆ కోటప్ప మనందరికీ ఆడుకునే మనసూ, పిలవగానే లేచే మనసూ రెండూ ఇవ్వాలి. చేదుకో కోటయ్యా.

ఓం నమశ్శివాయ.