మనమే చూడల్ల

కమలాపురం దగ్గర, పాపఘ్ని ఒడ్డున మా ఊరు. మధ్యాహ్నం పనులు తెమిలాక మా జేజి అరుగు మీద బొంత పరిచేది. పాత చీరలు నాలుగైదు పొరలుగా పేర్చి, అంచు నుంచి లోపలికి వరుస కుట్లు వేసుకుంటూ వచ్చేది. కాళ్ళ దగ్గర వీధికుక్క ఒకటి ముడుచుకుని పడుకునేది. వేపచెట్టు నిండా గోరింకల గోల. చూపు ఆనక, "నాయనా, సూదిలోకి దారం ఎక్కిచ్చు" అని నన్ను పిలిచేది. ఎక్కించగానే అడిగే మాట ఒకటే: "కుక్కకు ముద్ద పెట్టినావా?" అది అరవలేదు కదా జేజీ అంటే, "అది అడగలేదు నాయనా, మనమే చూడల్ల" అనేది.

ఆ మాట లోతు మహాభారతం చదివాక గాని నాకు అందలేదు. ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల కనిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే దేవలోకపు కుక్క సరమ బిడ్డ అక్కడికి వస్తుంది. హవిస్సును ముట్టలేదు, అటు చూడనైనా లేదు. అయినా రాజు తమ్ముళ్ళు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని అడిగితే ఒక్కరూ బదులు పలకలేదు. తప్పు చేయనివాణ్ణి కొట్టినందుకు మీకు కనిపించని భయం ముంచుకొస్తుందని ఆమె శపించింది. ఎదుటి ప్రాణిని చూడని కంటికి, రాబోయే ఆపదా కనిపించదన్నమాట. నన్నయ ఈ ఘట్టాన్ని తెలుగులో మనకు అందించాడు.

అదే భారతం ముగింపు దగ్గర మళ్ళీ ఒక కుక్క. మహాప్రస్థానం దారిలో ద్రౌపది, తమ్ముళ్ళు ఒకరి తర్వాత ఒకరు రాలిపోగా, హస్తినాపురం నుంచి వెంట నడిచిన కుక్క ఒక్కటే ధర్మరాజుకు మిగిలింది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు స్వర్గంలో చోటు లేదన్నాడు. నమ్మి వచ్చినదాన్ని వదిలితేనే దక్కే స్వర్గం నాకు వద్దన్నాడు ధర్మరాజు. ఆ కుక్క రూపంలో నడిచి వచ్చింది సాక్షాత్తు ధర్మదేవతే. పండితుడు బ్రాహ్మణుణ్ణి, ఆవును, ఏనుగును, కుక్కను సమంగా చూస్తాడని గీత అయిదో అధ్యాయం చెబుతుంది. ఏనుగు మీద పడే ఎండా, కుక్క మీద పడే ఎండా ఒకటేనని మన తాళ్ళపాక అన్నమయ్య 'బ్రహ్మమొకటే' కీర్తనలో ఎలుగెత్తి పాడాడు.

పండరిపురం విఠలుడి భక్తుడు నామదేవుడు దర్జీల ఇంట పుట్టినవాడు. ఒకరోజు ఆయన రొట్టెలను కుక్క నోట కరచుకుని పరుగెత్తిందట. నామదేవుడు నేతిగిన్నె పట్టుకుని, ఉత్త రొట్టె తినకు స్వామీ, నెయ్యి పూయనీ అంటూ వెంటపడ్డాడని భక్తులు చెప్పుకుంటారు. మరొకరికి దొంగగా కనిపించేది ఆయనకు విఠలుడుగా కనిపించింది. బట్టకు బట్టను కలపడం తెలిసిన చేయి, ప్రాణికి ప్రాణిని కలపడమూ నేర్చింది.

కుట్టుపని మనిషి ఒక్కడి సొత్తు కాదు. పెరట్లో దర్జీ పిట్టను గమనించండి. ముక్కుతో ఆకు అంచున బెజ్జాలు పొడిచి, పత్తి పోగులు, సాలెగూటి దారాలు దూర్చి, ఆకు అంచులను దగ్గరికి లాగి గూడు కుడుతుంది. ఆకు పచ్చగానే ఉంటుంది, గూడు ఎవరి కంటా పడదు. కాసేపు కదలకుండా కూర్చున్నవాడికే అది దొరుకుతుంది. భాగవతంలో అవధూత, రాజు ఊరేగింపు పక్కనే పోతున్నా తెలియనంతగా పనిలో లీనమైన బాణాలు చేసేవాణ్ణి తన గురువుల్లో ఒకడిగా చెప్పుకున్నాడు. ఆ ఏకాగ్రత సూది పట్టిన చేతికీ, పిట్టను చూసే కంటికీ కూడా కావాలి.

మన కడప జిల్లా కలివికోడి సంగతీ అంతే. 1848లో జెర్డాన్ అనే శాస్త్రజ్ఞుడు లోకానికి తెలిపిన ఆ పక్షి, 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 86 ఏళ్ళ తర్వాత, 1986 జనవరిలో లంకమల అడవుల దగ్గర మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి తెచ్చింది, ఆ పొదలూ ఆ చీకట్లూ ఎరిగిన అక్కడి పల్లె మనిషే. లేదనుకున్నది లేకపోలేదు, చూసే కన్ను అక్కడికి పోలేదు. దేవుడు కనిపించడని బాధపడే మనం, గడప ముందు నిలబడ్డ ప్రాణిని చూశామా?

గృహస్థుకు పెద్దలు విధించిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. కుక్కకు, కాకికి ఇంత అన్నం తీసిపెట్టి తినమన్నారు. మన ఎండల్లో గోడ మీద మూకుడు నిండా నీళ్ళు పెట్టినా అది యజ్ఞమే. దానికి మంత్రం అక్కర్లేదు, చూపు చాలు.

ఒక చలికాలం మా జేజి, మిగిలిన చీర పీలికలతో చిన్న బొంత ఒకటి మొదలుపెట్టింది. అరుగు మీద పడుకునే కుక్కకని తెలిసి, "కుక్కకు బొంత ఏంది అత్తా?" అని పక్కింటామె నవ్వింది. జేజి తలెత్తలేదు. సూది నా వైపు చాచింది. నేను దారం ఎక్కించాను.