పలకని బిడ్డకు భాష లేదా?

కొండ దిగి చోడవరం బడికొచ్చిన బిడ్డ నోరు విప్పకపోతే "వీడికేమీ రాదు" అనేస్తాం. అది న్యాయమేనా?

భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో కొండ (కూబి) భాషకు వ్యాకరణం వెలువరించారు. వాడుక తెలుగు పోగొట్టుకున్న ర, ఱల తేడా ఆ భాషలో నిలిచే ఉంది. భాషాశాస్త్రం చూపినదిది. అలాంటి వ్యాకరణాన్ని ఐదేళ్లు నిండేసరికే బిడ్డ ఇంట్లో వింటూ చాలావరకు పట్టేస్తాడని మనోభాషాశాస్త్రం చెబుతుంది.

ఇక మెదడు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు, మాట పడిపోయిన రోగి మెదడులో ఎడమవైపు ముందుభాగం దెబ్బతిన్నదని చూపాడు. ఆ రోగికి ఎదుటివారి మాటలు మాత్రం అర్థమయ్యేవి. అంటే పలకలేకపోవడం, తెలియకపోవడం ఒకటి కాదు.

మన బిడ్డ మెదడుకు ఏ దెబ్బా లేదు. బడి భాషే వాడికి కొత్త. వాడి భాషలో ఒక్క ప్రశ్నైనా అడగలేకపోతే, రానిది వాడికి కాదు, మనకే.