నడుమున కత్తి

ధ్యానభాగము: లూకా 22:35–51, యోహాను 18:10–27



అడవి అంచు గ్రామములలో కాపురముండు విశ్వాసులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యగారూ, క్రైస్తవుడు నడుముకు కత్తి పెట్టుకొని తిరగవచ్చునా?" వారడుగునది కూరలు తరుగు చిన్న కత్తిని గూర్చి కాదు. మూరెడు పొడవుండి, ముడుచుకొనక పిడిలో గట్టిగా బిగింపబడి, వెదురు నరుకుటకును కంప కొట్టుటకును పనికివచ్చు కత్తిని గూర్చి. లేక దానికంటె బరువైన వేటకొడవలిని గూర్చి. పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి మన కమ్మరులు చేసి యిచ్చునది అదే. ఈ ప్రశ్నకు అవుననియో కాదనియో ఒక్క మాట చెప్పి ఊరకుండుట సులభము. కాని ఆ రెండు జవాబులలో ఏది చెప్పినను ఎవరికో ఒకరికి అన్యాయము జరుగునని నాకు తోచుచున్నది.

మొదట పనివాని పక్షమున చెప్పవలసినది చెప్పుదును. తెల్లవారకముందే నల్లమలలోనికి పోవువానికి కత్తి ఆరవ వ్రేలివంటిది. దారికడ్డముగా అల్లుకొనిన తీగను కోయవలెను, కట్టెలు కొట్టవలెను, చీకటిపడునప్పటికి ఇంటికి చేరలేనియెడల కొమ్మలు నరికి నిప్పు రాజేసికొనవలెను. తేనె కొరకు కొండచరియలు దిగు చెంచువారు గొడ్డలిని, కత్తిని విడిచి పోవుదురా? తాటిచెట్టెక్కువాని గీత కత్తియు అట్టిదే (కల్లు సంగతి మరియొక నెల మాటలాడుకొందము). ముడుచుకొను కత్తి జేబులో పట్టునే గాని, దానితో మొద్దును కొట్టినయెడల కీలు వదులై వ్రేళ్లమీదికే ముడుచుకొనును. కాబట్టి పనివాడు పెద్ద కత్తి పట్టుట గర్వము చేత కాదు, అవసరము చేతనే. దేవుడును అడవి పనిని ఎరిగినవాడు. మ్రాను నరుకుచుండగా గొడ్డలి పిడి ఊడి పొరుగువానికి తగిలి అతడు చచ్చినయెడల, నరికినవాడు పారిపోయి బ్రదుకునట్లు ఆశ్రయపురములను ఏర్పరచిన ధర్మశాస్త్రము (ద్వితీ. 19:5) ఇనుమును ద్వేషించు ధర్మశాస్త్రము కాదు.

వేట కొరకని చెప్పువారికి మాత్రము ఒక మాట. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినప్పటినుండి మన తాతలు ఆడిన వేట మనకు లేదు. అభయారణ్యములోనికి అనుమతి లేక ఆయుధముతో అడుగుపెట్టుటయే నేరము. దుప్పి మాంసము రుచిని గూర్చి నాతో చెప్పువారు పై అధికారులకు లోబడవలెనన్న పౌలు మాటను (రోమా 13:1) కూడ జ్ఞాపకము చేసికొందురు గాక. ఈ విషయములో ఇంతకంటె చెప్పనక్కరలేదు.

కత్తిని గూర్చియు మన దేశపు చట్టము కొంత చెప్పుచున్నది. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ఇంటి పనికిని సేద్యపు పనికిని మాత్రమే చేయబడిన వస్తువులను ఆయుధములని పిలువదు. దాని క్రింది నియమములు, అలుగు 9 అంగుళములకంటె పొడవుగా గాని 2 అంగుళములకంటె వెడల్పుగా గాని యున్న కత్తులను ఆయుధములలో లెక్కించినను, గృహ, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమల పనికై చేయబడినవాటిని విడిచిపెట్టినవి. సిక్కులు కృపాణము ధరించుట వారి మతాచారములో భాగమని మన రాజ్యాంగపు 25వ అధికరణము ఒప్పుకొనుచున్నది. మనకు అట్టి ఆజ్ఞ లేదు, కాబట్టి ఆ చాటున మనము నిలువలేము. అయితే చట్టము అడుగునది "ఈ కత్తి దేనికొరకు చేయబడినది?" అని. మన సీమలో మనుష్యుల ప్రాణములు తీసిన వేటకొడవళ్లలో ఎన్ని పొలము పనికే చేయబడి యుండును! చేసినప్పటి ఉద్దేశము చాలదు. పని ముగిసిన తరువాత అది ఎక్కడ నున్నది అను మరియొక ప్రశ్న మిగిలియున్నది.

ఇప్పుడు లేఖనము నొద్దకు పోదము. ప్రభువు అప్పగింపబడిన రాత్రి శిష్యులు ఆయనతో తమయొద్ద రెండు కత్తులున్నవని చెప్పిరి (లూకా 22:38). ఇంగ్లీషు బైబిలు చదువువారు అబ్రాహాము మోరీయాకు తీసికొనిపోయిన కత్తికి ఒక మాటను, శిష్యుల కత్తులకు వేరొక మాటను చూచి, మొదటిది పనిముట్టనియు రెండవది యుద్ధ ఖడ్గమనియు తలంతురు. మన తెలుగు బైబిలులో రెండుచోట్లను ఒకే మాట యున్నది: కత్తి. మన తెలుగే ఇక్కడ మూలమునకు దగ్గరగా నున్నదని చెప్పుటకు నాకు సంతోషము. ఏలయనగా గ్రీకు పాత నిబంధనలో ఆదికాండము 22వ అధ్యాయమందును, లూకా సువార్తయందును ఉన్న మాట ఒకటే, మఖైరా. అది మాంసము కోయు పెద్ద కత్తికిని చెల్లును, సైనికుని కత్తికిని చెల్లును. నాలుగవ శతాబ్దములో క్రిసోస్తోము అను ప్రసంగి, శిష్యులు భోజనపు బల్లయొద్దనుండి లేచి వచ్చినవారు గనుక, గొఱ్ఱెపిల్ల నిమిత్తము ఆ కత్తులు వారియొద్ద నుండెనని వివరించెను. పస్కాను సిద్ధపరచుటకు పంపబడినవారు పేతురును యోహానును (లూకా 22:8). గొఱ్ఱెపిల్ల సంగతి చూచుకొనిన పేతురుయొద్ద కత్తి యుండుటలో ఆశ్చర్యమేమి?

మన పల్లె మాటను ఒకసారి ఆలోచించుడి. "వేట" అనగా అడవిలో మృగమును తరుముట మాత్రమే కాదు. కోతకు తెచ్చిన మేకను, పొట్టేలును కూడ మనము వేట అనియే పిలుతుము. పెండ్లికి వేటను కోసినామని చెప్పుదుము గదా. కాబట్టి వేటకొడవలి అను పేరు వినిన ప్రతివాడును నెత్తురు కక్షలను తలంచినను, ఆ పేరులోనే పొట్టేలు దాగియున్నది. పేతురు చేతిలోని కత్తియు, మన వేటకొడవలియు ఒక్క వంశమువి.

బల్లయొద్ద గొఱ్ఱెపిల్లకు పనికివచ్చిన కత్తి మల్కు చెవిని నరికిన కత్తిగా ఎట్లు మారెను? దానిని ఎవరును మరల కొలిమిలో పెట్టలేదు, క్రొత్తగా పదును పెట్టలేదు. భోజనము ముగిసినది, కీర్తన పాడినారు, కెద్రోను వాగు దాటినారు. కత్తి మాత్రము బల్లమీద నిలిచిపోలేదు, నడుమున వచ్చినది. అంతే. నాగటి నక్కులుగా మారు ఖడ్గములను యెషయా చూచెను (2:4). మచ్చుకత్తులు ఈటెలగుటను యోవేలు పలికెను (3:10). కొలిమిలో ఇనుము రెండు దారులలోను నడచును. పేతురు కత్తికి కొలిమితో కూడ పని లేకపోయెను. చీకటి, భయము, కోపము అను మూడును కూడినప్పుడు చేతికి అందుబాటులో నుండుటయే చాలెను.

రెండు కత్తులు పదునొకండుగురికి ఎట్లు "చాలును" అని ప్రభువు చెప్పెనో పండితులు పలువిధములుగా వివరించిరి. ఆ మాటను ఇంతటితో కట్టిపెట్టుడని ఆయన భావమని కొందరందురు. అంతకుముందు వచనములో ఆయన తాను అక్రమకారులలో ఒకడుగా ఎంచబడవలెనన్న లేఖనమును ఎత్తెను గనుక, ఆ మాట నెరవేరుటకు ఆ రెండు కత్తులే చాలునని మరికొందరందురు. నేను ఈ రెండవ అర్థమువైపు మొగ్గుచున్నాను. కత్తి పట్టినవాని మనస్సు ఎట్టిదైనను, చూచువారు అతనిని, అతని వెంటనున్నవారిని కూడ ఒక లెక్కలో వేయుదురు. యుద్ధము చేయుటకు రెండు కత్తులు చాలవు; లెక్క మారుటకు చాలును.

ఈ సంగతి ఒక సంఘములో ఎట్లు ఎదురైనదో చెప్పెదను. గురువారపు సాయంకాల ప్రార్థన కూటమునకు ఒక సహోదరుడు అడవినుండి నేరుగా వచ్చి, నడుమున కత్తితోనే ద్వారము ప్రక్కన కూర్చుండెను. అతడు ఎన్నడును ఎవరిమీదను చెయ్యెత్తినవాడు కాడు. ప్రార్థన ముగియకముందే ఒక సహోదరి లేచి ఇంటికి వెళ్లిపోయెను. చాల యేండ్ల క్రిందట పొలము గట్టు తగాదాలో ఆమె భర్తను అట్టి కత్తితోనే నరికిరి. తరువాత సంగతి తెలిసి ఆ సహోదరుడు నాయొద్దకు వచ్చి, "నేనేం జేసినా అయ్యగారూ? పని జేసుకోని వచ్చినా. ఆయమ్మ భయానికి నేను బాధ్యుణ్ణా?" అని అడిగెను.

ఇది న్యాయమైన ప్రశ్న. అతడు నేరస్థుడు కాడు. అతని కత్తియు నేరము చేయలేదు. అయితే కొరింథులోని మాంసము మాత్రము ఏమి నేరము చేసినది? విగ్రహము వట్టిదని పౌలునకు తెలియును. అంగడిలో అమ్మునది ఏ విచారణయు లేక కొని తినుడనియు ఆయనే చెప్పెను (1 కొరింథీ. 10:25). అయినను సహోదరుడు తొట్రుపడునెడల తాను ఎన్నటికిని మాంసము ముట్టనని అదే పత్రికలో వ్రాసెను (8:13). మాంసమును నిషేధింపలేదు, ఎవరి యెదుట అను సంగతిని చూచెను. కొరింథీయులలో బలహీనుల భయము విగ్రహమును గూర్చిన పొరబాటుమీద నిలిచినది. ఈ సహోదరి భయమో, తన కన్నులతో చూచినదానిమీద నిలిచియున్నది. లేనిదానికి జడిసినవారి నిమిత్తము పౌలు అంత విడిచిపెట్టగా, ఉన్నదానికి జడిసిన ఆమె నిమిత్తము మనము ఒక గంటసేపు కత్తిని బయట ఉంచలేమా? అడవిలో ఏ విచారణయు వద్దు. ఆమె కూర్చుండుచోట విచారణ కావలెను.

ఇంకొక కారణమును కలదు. దీనిని ఆ సహోదరుడు కూడ ఆలోచింపలేదు. యోవాబు అమాశాను చంపిన విధము చూడుడి (2 సమూ. 20:8–10). క్షేమమా అని అడుగుచు, గడ్డము పట్టుకొని ముద్దు పెట్టుకొనబోయెను. అమాశా అతని చేతనున్న కత్తిని లక్ష్యపెట్టలేదని వ్రాయబడియున్నది. ఎందుకు లక్ష్యపెట్టలేదు? అమాశా సేనలలో తిరిగినవాడు, కత్తి లేని మనిషిని చూచి యుండడు. అందరి నడుమున కత్తియున్న ఊరిలో హంతకుని కత్తి ఎవరికిని కనబడదు. జాతరకును పెండ్లికిని సంతకును మంచివారు కత్తులతో వచ్చుచుండగా, చెడ్డవాడు వారి మధ్య దాగి వచ్చును. మంచివారు ఇంటివద్ద విడిచి వచ్చినయెడల, వాడు ఒక్కడే కనబడును.

ఇక అన్నిటికంటె కష్టమైనది పగవాడున్న మనిషి సంగతి. "నేను కత్తి విడిచి పోతే నా బిడ్డలు దిక్కులేనివారగుదురు" అని అతడు చెప్పునప్పుడు, బోధపీఠమునుండి "దేవుని నమ్ముము" అనుట చాల చవుక. నెహెమ్యా మనుష్యులు ఒక చేతితో పనిచేయుచు ఒక చేతితో ఆయుధము పట్టలేదా అని అతడు అడుగును. పట్టిరి. అయితే వారు పగటి వెలుతురులో, పట్టణమంతటికిని తెలిసి, బూర ఊదువానిని నిలుపుకొని, పట్టణమంతటి కొరకు పట్టిరి. ఏహూదువలె బట్టలక్రింద తొడకు కట్టుకొనలేదు. పగవాడున్నవాడు ఒంటరిగా కత్తి కట్టినయెడల, ఎదుటివాడు దానిని విని రెండు కట్టును. పోలీసు స్టేషనులో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు ఇయ్యవలెను, ఊరి పెద్దలను పిలువవలెను, చీకటివేళ ఒంటరిగా తిరుగకూడదు. ఇవి అందరును చెప్పునవే. సంఘము చేయవలసినది మరియొకటి కలదు. కత్తి దించుమని మనము అతనితో చెప్పినయెడల, పొలమునుండి అతడు తిరిగి వచ్చు వేళకు మనలో ఇద్దరు ముగ్గురు ఎదురు వెళ్లి అతనితో కూడ నడువవలెను. నడువలేని సంఘమునకు దించుమని చెప్పు హక్కు లేదని నా యభిప్రాయము. కొందరు పెద్దలకు ఈ మాట రుచింపలేదని ఎరుగుదును.

పేతురు సంగతికి ఒక తరువాయి కలదు. చదువునప్పుడు మనము త్వరగా దాటిపోవుదుము. మల్కు చెవిని ప్రభువు ముట్టి అప్పుడే బాగుచేసెను. సిలువకు ముందు ఆయన హస్తము చేసిన కడపటి స్వస్థత తన శిష్యుని కత్తి చేసిన గాయమే. గాయము మానినది, సంగతి ముగియలేదు. అదే రాత్రి ప్రధానయాజకుని యింటిలో చలి కాచుకొనుచున్న పేతురును, తోటలో నిన్ను చూడలేదా అని అడిగినవాడు ఎవడు? పేతురు చెవి నరికినవాని బంధువు (యోహాను 18:26). అంతకుముందు అడిగినవారు శిష్యుడవా అని మాత్రమే అడిగిరి. ఇతడు చూచినవాడు, చుట్టము. గట్టు తగాదాలలో చుట్టముల జ్ఞాపకశక్తి ఎట్టిదో మనకు నేర్పనక్కరలేదు. ఒప్పుకొనినయెడల కత్తి దెబ్బకు కూడ జవాబు చెప్పవలసి వచ్చును. పేతురు కాదనెను, కోడి కూసెను.

ఆ సంఘపు పెద్దలు గుడి వసారా గోడకు, పిల్లలకు అందనంత ఎత్తున, మేకులు కొట్టించిరి. ఇప్పుడు గురువారములయందు అక్కడ మూడు నాలుగు కత్తులు, ఒక గొడ్డలి వ్రేలాడుచున్నవి. ఆ సహోదరి కూటములకు మరల వచ్చుచున్నది. ద్వారమునకు దగ్గరగానే కూర్చుండుచున్నది.