ఎలుక విషయంలోనూ ఇహ్సాన్

 

బషీర్‌బాగ్‌లో ఒక అపార్ట్‌మెంటులో ఉండే సోదరి మాకు ఒక ప్రశ్న పంపారు. వారి వంటింట్లో చిట్టెలుకలు చేరాయి. భర్తగారు ఆబిడ్స్ నుండి జిగురు అట్ట తెచ్చి గ్యాస్ సిలిండరు పక్కన పెట్టారు. రాత్రి దానికి ఒక చిట్టెలుక అంటుకుని తెల్లవారేదాకా కీచుమంటూనే ఉంది. ఏడేళ్ళ కొడుకు నిద్రపోకుండా "అమ్మీ, దాన్ని విడిపించు" అని ఏడ్చాడు. తండ్రి మాత్రం ఎలుకను చంపితే పుణ్యమే వస్తుంది, చావనీ అన్నారు. ఉదయం అట్టతో సహా మడిచి చెత్తబుట్టలో వేశారు. అప్పటికీ దానికి ప్రాణం ఉంది. ఇంట్లో ఎవరి మాట ధర్మం అని ఆ సోదరి అడుగుతున్నారు.

ముందుగా తండ్రిగారి మాటలో నిజమున్నంత మేరకు ఒప్పుకుందాం. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ప్రకారం, హరమ్ పరిధిలో కూడా చంపడానికి అనుమతి ఉన్న ఐదు హానికర జీవుల్లో ఎలుక ఒకటి. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఈ హదీసు ఉంది. ఇహ్రామ్‌లో ఉన్నవాడు వేటాడరాదు, అయినా ఎలుక విషయంలో అతనికి సడలింపు ఉంది. కనుక ఎలుకను చంపడమే పాపమని ఎవరైనా అంటే అది మన షరీఅత్ మాట కాదు.

కాని చంపే అనుమతి వేరు, చిత్రహింస పెట్టే అనుమతి వేరు. హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ద్వారా ముస్లింలో వచ్చిన హదీసు సారాంశం ఏమిటంటే, అల్లాహ్ ప్రతి పనిలోనూ ఇహ్సాన్‌ను, అంటే మేలైన పద్ధతిని విధిగావించాడు. చంపవలసి వస్తే చంపడంలోనూ, జబహ్ చేసేటప్పుడు జబహ్‌లోనూ అది ఉండాలి. కత్తికి పదును పెట్టుకోవాలి, జంతువుకు బాధ తగ్గించాలి. బక్రీద్ నాడు మనం గుర్తుచేసుకునే ఈ హదీసులో చంపడం ప్రస్తావన జబహ్ కంటే ముందు, విడిగా వచ్చింది. కాబట్టి ఇది ఖుర్బానీ పొట్టేలు దగ్గరే ఆగిపోయే ఆదేశం కాదు.

ఇప్పుడు జిగురు అట్టను చూడండి. అది ఎలుకను చంపదు, కట్టిపడేస్తుంది. ఆ తరువాత ఆకలి, దాహం, భయం, ఊపిరాడకపోవడం ఆ పని చేస్తాయి. గంటల తరబడి, ఒక్కోసారి రోజు దాటి పడుతుంది. విడిపించుకోబోయి చర్మం ఊడదీసుకునేవి ఉన్నాయి, కాళ్ళు కొరుక్కునేవి ఉన్నాయి. ఒక స్త్రీ పిల్లిని బంధించి, తాను తిండి పెట్టకుండా, నేల మీది పురుగూ పుట్రా తినడానికైనా వదలకుండా చంపిన కారణంగా నరకానికి పోయిందని దైవప్రవక్త (స) తెలియజేశారు. పిల్లి ఎలుకలా హానికర జీవి కాదు కదా అని మీరనవచ్చు. నిజమే. కాని ఆ స్త్రీ నేరం బంధించి మాడ్చడం. ఎలుకను చంపడానికి అనుమతి ఇచ్చిన హదీసులో మాడ్చి చంపే అనుమతి మాకెక్కడా కనిపించలేదు. ప్రాణమున్న దానిని కట్టి బాణాలకు గురి చేయడాన్ని కూడా ప్రవక్త (స) నిషేధించారు.

ఇక పుణ్యం మాట. ఆ తండ్రిగారు బల్లి గురించిన హదీసును ఎలుకకు అంటగట్టినట్టున్నారు. మన బస్తీల్లో ఈ కలగాపులగం మామూలే. బల్లిని చంపితే పుణ్యమనే హదీసు ముస్లింలో ఉన్న మాట వాస్తవం. అయితే అందులోనూ మొదటి దెబ్బకే చంపితే ఎక్కువ పుణ్యం, రెండో దెబ్బకు తక్కువ, మూడో దెబ్బకు ఇంకా తక్కువ. బాధ ఎంత త్వరగా ముగిస్తే అంత మేలని దానిలోనే అర్థమవుతోంది కదా!

మన దేశంలో జంతు సంక్షేమ మండలి కూడా ఈ జిగురు అట్టలను ఆపించమని 2011లోనూ, 2020లోనూ రాష్ట్రాలకు సూచించింది. ఇంగ్లండ్ 2022లో వీటిపై చట్టమే చేసింది.

మిగిలిన పద్ధతుల గురించి క్లుప్తంగా చెబుతాము. బోనులో పడిన ఎలుకను బోనుతో సహా బకెట్ నీళ్ళలో ముంచడం, ఎండలో వదిలేయడం, సలసల కాగే నీళ్ళు పోయడం మన ఇళ్ళలో జరిగేవే. ఇవేవీ ఇహ్సాన్ కావు. అగ్నితో శిక్షించే హక్కు అగ్నికి ప్రభువైన వానిదే అన్న హదీసును బట్టి మరిగే నీటికి కూడా దూరంగా ఉండాలని మా అభిప్రాయం. విషపు బిళ్ళలు చాలావరకు రక్తం గడ్డకట్టకుండా చేసేవి. ఎలుక కొన్ని రోజులపాటు లోలోపల రక్తం కారి చస్తుంది, దాన్ని తిన్న పిల్లికీ ప్రమాదమే. పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టును మాత్రం పిల్లలున్న ఇంట్లో అసలు ఉంచకండి. దానికి విరుగుడు మందు లేదు.

చంపక తప్పనప్పుడు స్ప్రింగుతో తటాలున మూసుకునే గట్టి బోను మేలు. లేదా తీగల బోనులో పట్టి వదిలేయవచ్చు. అయితే పట్టుకుపోయి పక్క అపార్ట్‌మెంటు గేటు దగ్గర వదిలే పెద్దమనుషులు ఉన్నారు. పొరుగువాడి హక్కు ఎలుకతో పాటు గోడ దూకిపోదు.

అసలు సున్నత్ మొదలయ్యేది ఇంకా ముందు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో రాత్రిపూట పాత్రలకు మూతలు పెట్టమని, నీటితిత్తుల మూతి కట్టమని, తలుపులు వేయమని, దీపాలు ఆర్పమని ఆదేశం ఉంది. కారణం కూడా చెప్పారు: ఎలుక వత్తిని లాక్కుపోయి ఇల్లు తగలబెడుతుంది. ఒకసారి ఎలుక అలా లాక్కొచ్చిన వత్తి ప్రవక్త (స) కూర్చునే చాపపై పడి దిర్హమంత మేర కాలిందని అబూదావూద్‌లో ఉంది. నేడు వత్తి స్థానంలో ఫ్రిజ్ వెనుక కరెంటు తీగ ఉంది.

మన ఊరి చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1908 మూసీ వరద, 1911 ప్లేగు తరువాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. బషీర్‌బాగ్ పొరుగునే ఉన్న నాంపల్లి వంటి చోట్ల ఇరుకు బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టే పని అది చేపట్టింది. ప్లేగు ఎలుకల మీది ఈగల (ఫ్లీ) ద్వారా వ్యాపిస్తుంది. ఎలుక దాగే చోటే లేకుండా చేయడం చంపడం కంటే గట్టి మందని అప్పటివారు గ్రహించారు.

కాబట్టి సింకు కింద పైపు గోడలోకి వెళ్ళే చోట చూడండి. పెన్సిలు పట్టేంత సందు చిట్టెలుకకు చాలు. ఆ సందులో స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. ఎగ్జాస్ట్ ఫ్యానుకు ఇనుప జాలీ బిగించండి. బియ్యం, పిండి, రొట్టెలు మూత ఉన్న డబ్బాల్లో పెట్టండి. దస్తర్‌ఖాన్ మీది మెతుకులు రాత్రి ఉంచకండి. చిట్టెలుక మూడు వారాలకే ఈనుతుంది. సందులు మూయకుండా ఎన్నింటిని పట్టినా వస్తూనే ఉంటాయి.

ఇప్పటికే ఏ ఇంట్లోనైనా అట్టకు ఎలుక అంటుకుని ఉంటే, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, అట్టను లోతైన డబ్బాలో పెట్టి, అంటుకున్న చోట వంటనూనె కొద్దికొద్దిగా పోయండి. జిగురు వదులవుతుంది. బయటకు తీసుకుపోయి వదలండి. బతకలేనంతగా గాయపడి ఉంటే ఒక్క దెబ్బతో ముగించండి. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చోటు ఫినాయిలుతో తుడవండి, మిగిలిన అట్టలు పారవేయండి.