సహపంక్తి భోజనము

భోజనసుఖము నీచమైనదని తలంచువారు కొందఱు కలరు. ఆ తలంపు మాకు సమ్మతము గాదు. నాలుకకు రుచి నెఱుంగు శక్తి నొసంగినవాడు పరమేశ్వరుడే. వేడియన్నములో ముద్దపప్పును, నేతిని, కొత్తావకాయను కలిపి తినునపుడు కలుగు సంతోషమును పాపమనుట, కానుక నిచ్చినవాని యెదుటనే కానుకను దూషించుట వంటిది. మితిమీఱిన తిండియు మద్యపానమును నింద్యములు. రుచి నింద్యము గాదు. భోజనవిషయమున విచారింపవలసిన ధర్మప్రశ్న వేఱొకటి కలదు: మనము ఎవరిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని తినుచున్నాము?

ఒకప్పుడు మన దేశమున ననేకములైన హోటళ్లలో బ్రాహ్మణులకు వేఱు గదు లుండెడివి. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, తన 15వ అధికరణముచే, కులమునుబట్టి యెవనినైనను భోజనశాలకు రాకుండ నాపుటను నిషేధించెను. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము అట్టి నిరాకరణమును శిక్షార్హముగ జేసెను. కొన్ని పల్లెల టీదుకాణములలో వేఱుగ్లాసుల దురాచారము నేటికిని మిగిలియున్నను, పట్టణమున పెసరట్టు తినువాడు పెనమువద్ద నున్నవాని కులము నడుగడు. ప్రక్కనున్నవాని గోత్రము విచారింపడు.

అట్టివాడే యింటికి వచ్చిన పిమ్మట మాఱిపోవుచున్నాడు. వంట చేయువా రెవరు? పంక్తిలో నెవరు కూర్చుందురు? అని యారాతీయుచున్నాడు. హోటలులో రూపాయి చెల్లించి తిన్నపుడు పోని మడి, స్నేహితుని ప్రేమతో బిలిచి పెట్టినపుడు పోవునా? రూపాయికి గల పావనశక్తి మానవప్రేమకు లేదా?

పరులను నిందించుటకు ముందు మా తప్పు నొప్పుకొందుము. ఒక దావాలో, అస్పృశ్యులని లోకము దూరముంచిన కులమునకు జెందిన మా కక్షిదారొకరు, న్యాయస్థానము చెంతనున్న హోటలులో మాతో నొకే బల్లవద్ద భుజించిరి. నాటి సాయంకాలమే వారు దస్తావేజులతో మా యింటికి రాగా, పెద్దలు నొచ్చుకొందురని వెఱచి, వీధియరుగుమీద విస్తరి వేయించితిమి. వారేమియు ననలేదు. తిని, తన విస్తరిని తామే యెత్తి, సెలవు పుచ్చుకొని వెడలిరి. ఆ దినమంతయు సమత్వమునుగూర్చి వాదించిన మా నాలుక, ఆ క్షణమున నొక్కమాటయు బలుకలేదు. ఆ రాత్రి మాకు అన్నము రుచింపలేదు.

శుచిత్వము వలదా యని కొందఱు ప్రశ్నింతురు. తప్పక వలయును. కాని శుచిత్వము నీటికిని సబ్బునకును సంబంధించినది. జన్మమునకు సంబంధించినది గాదు. ఇది పూర్వాచారమునకు విరుద్ధమని మఱికొందఱందురు. "సర్వం జగన్నాథం" అను మాట మన యిండ్లలో నెన్నటినుండి వాడుకలో నున్నది? పల్నాటి కథలో బ్రహ్మనాయుడు పెట్టించిన చాపకూడు తెలుగువాని దే గదా! 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించినపుడు, తోడ్పడినవారికి సంఘబహిష్కారమే ప్రతిఫలమాయెను. నేడు మనకు కలుగు నష్టము బంధువుల ముఖము చిట్లింపు మాత్రమే.

మహాశయులారా! శాసనము హోటలు తలుపును దెఱువగలిగినది గాని, గృహస్థుని వంటయింటిలోనికి రాజాలదు. అక్కడ న్యాయాధిపతి మన యంతరాత్మయే. తండ్రి యొక్కడేయని ప్రార్థనామందిరమున బలికి, ఇంట సోదరునకు వేఱువిస్తరి వేయువాని ప్రార్థన యేమగును? రాబోవు శుభకార్యమున నొక్క పంక్తియే వేయింతము. అన్నమునకు నిజమైన రుచి యేదో ఆనాడు మనకే తెలియును.